ఇరవై డిగ్రీల పదును

జూన్ 26, 2006. సోమవారం

శ్రీరామ.

జ్వరం తగ్గి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పొద్దున రామకోటి పుస్తకం తీశాను. పదకొండు నామాలు రాసేసరికి బొటనవేలు బిగుసుకుపోయింది. పన్నెండోది సగంలో ఆగింది. దేవుడి పేరు వంకరటింకరగా రాయడం నాకిష్టం లేదు. పుస్తకం కళ్ళకద్దుకుని మూసేశాను. ఇందులో అయితే వంకరగా ఉన్నా పర్వాలేదు, చదివేది నేనొక్కదాన్నే.

ఊళ్ళో సగం మందికి ఇదే జ్వరం. చికెన్ గున్యా అంటున్నారు. "పుట్టి బుద్ధెరిగి కోడిని ముట్టలేదమ్మా, నాకెందుకు వచ్చింది?" అని దవాఖానాలో సిస్టరమ్మను అడిగితే ఆమె నవ్వలేక గోడకు ఆనుకుంది. దోమ వల్ల వస్తుందట. కీళ్ళ నొప్పులు మాత్రం కొన్నాళ్ళు ఉంటాయట. నాకు అన్నాళ్ళు ఉండవు.

ఇవాళ హాస్టల్‌కు వెళ్ళాను. నూట అరవై మంది ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్ళుగా వండుతున్నాను. కత్తిపీట ముందు కూర్చోబోతే మోకాళ్ళు వంగలేదు. మడమలు అసలే వంగలేదు. కామాటి సోమ్లి చూసింది. నీళ్ళు మోయడం, గిన్నెలు తోమడం, గదులు ఊడ్వడం ఆమె పని. "అక్కా, నువ్వు లే, నేను కోస్త" అని పీట లాక్కుంది. కొంచెం సాయం చేసింది, అంతే. రేపు నేనే కూర్చుంటాను.

జూన్ 27

నొప్పి తక్కువ.

జూన్ 28

తక్కువే. సోరకాయలు సోమ్లి తరిగింది. పోపు నేనే పెట్టాను.

జులై 1. శనివారం

వార్డెన్ కళావతి మేడం వంటింట్లోకి వచ్చింది. నేను గరిటె ఎడమ చేత్తో తిప్పుతుంటే గుమ్మంలోనే నిలబడి చూసింది.

"సువర్ణమ్మా, కుడిచేయికేమైంది?"

"ఏం లేదు మేడం."

"గరిటే పట్టరాకపోతే కూరగాయలెవరు కోస్తున్నరు?"

"నేనే మేడం."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. అవతల గిన్నెలు తోముతున్న సోమ్లి చేతులు ఆగిపోయాయి.

మేడం చెడ్డ మనిషి కాదు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, పిల్లలంటే ప్రాణం. అందుకే గట్టిగా మాట్లాడింది. "మొన్న అరగంట లేటు, నిన్న పావుగంట లేటు. పిల్లలు ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డరు. నీ మీద నాకు కోపం లేదు. ఈ నెలంతా చూస్త. చేయి సాగకపోతే ఒకటో తారీఖు నుంచి భీమక్కను పెట్టుకుంట. గట్టి మనిషి."

భీమక్కది అడవి లోపలి గూడెం. పోయిన జనవరి జెండా పండుగకు వంట సాయానికి వచ్చింది. గుమ్మడికాయను ఒక్క వేటుకు రెండు చేసింది. నేను కళ్ళారా చూశాను.

నాకు భయం లేదు. రాముడున్నాడు. రాత్రి అన్నం సయించలేదు, ఉక్కపోత వల్ల.

జులై 2. ఆదివారం

తమ్ముడు నాగరాజు వచ్చాడు. వాడు కాగితం మిల్లులో పనిచేస్తాడు. కట్టెను ముక్కలుగా కొట్టే పెద్ద మిషను కత్తులు విప్పడం, సాన పెట్టించడం, మళ్ళీ బిగించడం వాడి పని. నా చేతులు చూసి వాడి ముఖం మాడిపోయింది. అన్నం తినేటప్పుడు హాస్టల్ సంగతి చెప్పాను. కొంతే చెప్పాను.

"కత్తిపీట ఇడిసిపెట్టక్కా," అన్నాడు. "నిలబడి కొయ్యి. బల్ల మీద చాకుతోని."

"ముప్పై ఏళ్ళ నుంచి పీట మీద కూర్చున్నదాన్ని. చాకు నాకు రాదు. చాకైతే నొక్కాలి కూడా."

"మొద్దు చాకైతే నొక్కాలె. పదునుంటే ఎందుకు నొక్కుడు?"

సాయంత్రం బస్సుకు ముందు సంచిలోంచి ఒక చిన్న పెట్టె తీశాడు. వాళ్ళ ఫోర్‌మన్ రిటైరై పోతూ ఇచ్చాడట. పరాయి దేశపు సరుకు. తెరిస్తే లోపల రెండు ఇనుప దవడలున్న పట్టు, నాలుగు సన్నటి రాళ్ళు, నాలుగు కడ్డీలు, ఒక నూనె సీసా. చాకు వీపును దవడల మధ్య పెట్టి మర బిగించాలి. పట్టుకు పైనొక కొమ్మూ కిందొక కొమ్మూ ఉన్నాయి. ఒక్కో కొమ్ముకు నాలుగు రంధ్రాలు, పక్కన అంకెలు: 17, 20, 25, 30. రాయికి కడ్డీ తగిలించి ఆ కడ్డీని రంధ్రంలో దూర్చి ముందుకూ వెనక్కూ లాగాలి. కడ్డీ ఏ రంధ్రంలో ఉంటే రాయి చాకును ఆ కోణంలోనే తాకుతుంది. వద్దన్నా ఇంకో కోణంలో తాకదు.

కోణాలు నాకు తెలుసు. పదో తరగతి లెక్కల్లో నాకు డెబ్బై ఒకటి వచ్చాయి.

"పదిహేడు మరీ సన్నం, జల్దీ ఇరుగుతది. ముప్పై మొరటు పనికి. వంటింటి చాకుకు ఇరవై, గుమ్మడికాయ కోసే పెద్ద కత్తికి ఇరవై అయిదు," అన్నాడు వాడు. పట్టును చేత్తో పట్టుకోవాలట. నా చేయి పట్టదు కదా. వాడే పాత ముక్కాలి పీటకు దాన్ని మరలతో బిగించేశాడు. "ఇగ నువ్వు మూడు వేళ్ళతోని రాయి లాగితే చాలు. నీ చెయ్యి వణికినా కోణం వణకదు."

మా ఆయన అరుగు మీద మిరప నారు కట్టలు విప్పుతూ అంతా విన్నాడు. "బండ మీద నాలుగు గీతలు గీస్తే పోయేదానికి ఇంత యంత్రమా బామ్మర్దీ? విమానం గిట్ల తోల్తదా మీ అక్క?"

"తోల్తది బావా. నువ్వు చూస్తుండు."

ఇంట్లో చాకు వాడే బిగించాడు. నేను లాగాను. ముందు గరుకు రాయితో ఒక పక్క లాగుతూ పోతే, అవతలి పక్క అంచున సన్నటి పొర ఒకటి వేలికి గరగరమని తగులుతుంది. అప్పుడు పక్క మార్చాలి. అక్కడా పొర వచ్చాక నున్నటి రాళ్ళు. చివరి రాయితో ఒత్తకుండా అటొకసారి ఇటొకసారి లాగితే పొర రాలిపోతుంది. పొర రాలకపోతే అది పదును కాదు, పదును వేషం అన్నాడు తమ్ముడు.

టమాటా మీద చాకు పెట్టాను. పెట్టాను, అంతే. దాని బరువుకే అది దిగిపోయింది.

బస్సెక్కేదాకా వాడు నవ్వుతూనే ఉన్నాడు. గర్వపడకూడదు. అయినా మా ఇంట్లో ఇంతవరకు అట్లా తెగిన టమాటా లేదు.

జులై 3. సోమవారం

మధ్యాహ్నం హాస్టల్ చాకులు మూడూ, పెద్ద కత్తీ ఇంటికి తెచ్చాను. ఒంటిగంట నుంచి నాలుగు దాకా నాకు విరామం.

నిన్నటి నుంచి ఒకటే మనసులో ముల్లు. చాకుకు బొట్టు పెట్టకుండా మొదలుపెట్టాం. మా అత్తగారు కొడవలిని కూడా బొట్టు లేకుండా పొలానికి పంపేది కాదు. బొట్టు లేని ఇనుము మనిషిని గుర్తుపట్టదు అనేది. ఇవాళ ఆ తప్పు చేయలేదు. పసుపు చిక్కగా కలిపి ఒక్కో దాని వీపు దగ్గర, కుడి చెంపకు దిద్ది, మధ్యలో కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని బిగించాను.

రేపు మంగళవారం. ఇనుముకు రాయి తగలనివ్వను. ఇవాళే ముగించాను.

జులై 4

చాకులు భలే తెగాయి. వంకాయలు అరబుట్ట నేనే తరిగాను! నిలబడి, పిల్లల పాత డెస్కు మీద. పిడికిలి సరిగా మూసుకోవడం లేదని, అంటే పొద్దున పూట మాత్రమే, పిడికి పాత చీర పేలికలు చుట్టి లావు చేశాను. సోమ్లి నోరు తెరిచి చూసింది. "అక్కా, వంకాయ ఏడ్వనే ఏడ్వలే!"

పదకొండు గంటల తర్వాత కొంచెం మొరాయించాయి. మిగతా సగం సోమ్లి కోసింది.

జులై 6. గురువారం

తొలి ఏకాదశి. ఉపవాసం. చాకులు రెండు రోజులకే మొద్దుబారాయి. దొండకాయ మీద జారిపోతున్నాయి. మళ్ళీ బొట్లు పెట్టి మళ్ళీ నూరాను. ఉపవాసంతో చేసిన పని, ఈసారి నిలుస్తుంది.

జులై 8

నిలవలేదు. పూట కూడా నిలవలేదు.

జులై 9. ఆదివారం

భక్తి చాలలేదేమో అనిపించింది. ఇవాళ తలస్నానం చేసి, పసుపు కొంచెం ఎక్కువ కలిపి, పట్టు కుడి దవడకు కూడా లోపల బొట్టు పెట్టాను. హారతి ఇచ్చాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "కొబ్బరికాయ కొట్టవా? ఆ కత్తితోని కొడితే పగలదు, రాయితోని కొట్టు," అన్నాడు.

నాకు గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. ఆయన చాయలో చక్కెర మర్చిపోయాను.

జులై 10

ఇంతకు ముందుకంటే అధ్వాన్నం.

జులై 12

సోమ్లి మొత్తం కోసింది. పొద్దున నాలుగున్నరకు వస్తోంది పాపం, మేడం లేవకముందే ముగించాలని. వాళ్ళ తండా నుంచి మైలు నడక. "ఇద్దరం దొరికితే ఇద్దరం ఇంటికే అక్కా," అని నవ్వుతుంది. నాకు నవ్వు రావడం లేదు. నా అబద్ధాన్ని ఆమె చేతులు మోస్తున్నాయి.

నొప్పి తక్కువ.

జులై 15. శనివారం

రూపాయి ఫోను డబ్బా దగ్గర నిలబడి తమ్ముడికి చేశాను. మిల్లు చప్పుడులో వాడి మాట సగమే వినిపించింది.

"పొర రాలుతున్నదా అక్కా?"

"రాలుతుంది. నున్నగానే ఉంటుంది. కూరలో పెడితే పదును పోతుంది."

"రాలుతలేదు. ఒకదిక్కు ఒరిగి పండుకుంటున్నది. నువ్వు రాలిందనుకుంటున్నవు. రాయి అంచు దాక పోతున్నదా లేదా చూసుకో. మార్కర్ పెన్ను ఉంటదిగా, అంచుకు రెండు దిక్కులా నల్లగ పూసి, రెండుసార్లు రాయి లాగు. నలుపు యాడ పోయిందో ఆడ రాయి తగిలినట్టు. యాడ మిగిలిందో ఆడ తగలనట్టు."

రూపాయి అయిపోయింది.

మార్కర్ పెన్ను ఎక్కడిది? దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను.

జులై 16

ఊరంతా తిరిగినా మార్కర్ లేదు. స్కూల్లో అడగొచ్చు, మేడంకు తెలుస్తుంది.

జులై 19. బుధవారం

మేడం వంటింట్లోకి వచ్చి డేటు చెప్పింది. ముప్పై ఒకటో తారీఖు సోమవారం ఆమె స్వయంగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎవరి సాయం లేకుండా నేను మొత్తం కూర తరిగి, వండి, పన్నెండున్నరకు గంట కొట్టించాలి. భీమక్కకు కూడా ఆ రోజే రమ్మని కబురు పంపిందట. "ఏదో ఒకటి ఆ రోజు తేలిపోవాలె సువర్ణమ్మా. నాకు కూడ మంచిగ అనిపిస్తలేదు."

పన్నెండు రోజులు.

పద్దెనిమిదేళ్ళలో నేను పోపు మాడ్చింది రెండుసార్లు. ఉప్పు మర్చిపోయింది ఒక్కసారి, మా అమ్మ పోయిన మర్నాడు. ఇది రాసుకోవాలనిపించింది.

జులై 20. గురువారం

కాటుక!

సంధ్య దీపం పెడుతుంటే ప్రమిద పైన పట్టిన మసి చూసి తట్టింది. కాటుక భరిణె తెచ్చి, చాకు అంచుకు రెండు వైపులా సన్నగా పూసి, బిగించి, రెండేసి సార్లు రాయి లాగాను. అద్దాలు పెట్టుకుని చూశాను.

ఎడమ పక్క కాటుక అంచు చివరి దాకా పోయింది, తెల్లగా మెరిసింది. కుడి పక్క పైన మాత్రమే పోయింది. అంచు వెంట వెంట్రుకంత నల్లగీత చెక్కుచెదరకుండా ఉంది. అంటే అటు రాయి అంచును తాకనే లేదు. ఇన్నాళ్ళూ తాకలేదు. పొర అటు ఒరిగి పడుకునే ఉంది.

కోణం రెండు పక్కలా ఒకటే కదా, రంధ్రం రెండు పక్కలా ఇరవైయే కదా. మరి తేడా ఎక్కడిది? చాకే వంకరగా కూర్చుంటే తప్ప రాదు. చాకు ఎందుకు వంకరగా కూర్చుంటుంది?

చీకటి పడింది. రేపు శుక్రవారం, నూరకూడదు. చూడటానికి దోషం లేదు.

జులై 21. శుక్రవారం

మర విప్పి దవడలు తీసి వెలుగులో పెట్టాను.

కుడి దవడ లోపల పసుపు. మూడు వారాల బొట్లు ఒకదాని మీద ఒకటి ఎండి, బియ్యపు గింజంత మందాన, రాయిలా గట్టిపడి ఉన్నాయి. చాకు వీపు ఒక పక్క ఇనుము మీద, ఇంకో పక్క నా పసుపు మీద కూర్చుంటోంది. ఇంకెక్కడి ఇరవై? ఒక పక్క పదిహేడు, ఒక పక్క ఇరవై మూడు. నేను ఎంత ఎక్కువ భక్తి పెడితే అంత ఎక్కువ వంకర.

తమ్ముడు బిగించిన రోజు బొట్టు లేదు. టమాటా తెగింది ఆ రోజే.

చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. సోమ్లికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె పడీపడీ నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది: "దేవునికి పెట్టే బొట్టు దేవుని నుదుట పెడ్తవా, కంట్లో పెడ్తవా అక్కా?"

చదువుకోలేదు సోమ్లి. నాకు డెబ్బై ఒకటి వచ్చాయి.

జులై 22. శనివారం

పసుపును వేణ్ణీళ్ళతో నానబెట్టి, చింతపుల్లతో గీకి, దవడలు గుడ్డతో తుడిచాను. బొట్టు తుడుస్తున్నాను కదా. స్వామీ, పనిలో పెట్టిన చోట తుడిచాను, నా దగ్గర తుడవలేదు అని చెప్పుకున్నాను. తర్వాత పీట కాలికి ఒక బొట్టు పెట్టాను. పీట కాలు ఎంత వంకరైనా కోణానికి సంబంధం లేదు, కొలిచి చూసుకున్నాను.

కాటుక పూశాను. రెండు పక్కలా అంచు దాకా పోయింది. సమానంగా పోయింది. గరుకు రాయి, మధ్య రాయి, నున్నటిది, చివరిది. ఒత్తలేదు. మూడు వేళ్ళు చాలాయి.

పాత పేపరును గాలిలో పట్టుకుని చాకు ఆనించాను. చప్పుడు కూడా లేకుండా కిందిదాకా వచ్చింది.

మా ఆయన నా చేతిలోంచి పేపరు తీసుకుని అటూ ఇటూ చూశాడు. ఆయన కూడా కోశాడు. ఇంకోసారి కోశాడు. ఇంకోసారి. ఇవాళ్టి పేపరు సగం పోయింది.

"ఏమే, నా గడ్డం కత్తి కూడ పెడ్తవా దాంట్ల?"

"పదిహేడులో పెట్టాలి దాన్ని. సోమవారం చూద్దాం," అన్నాను. పనిమంతురాలిలా అన్నాను.

జులై 24. సోమవారం

మొత్తం నేనే తరిగాను. మొత్తం. ఇవాళ సోమ్లి నాలుగున్నరకు రాలేదు, ఆరింటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "నిద్ర ఎట్లుంటదో మర్చిపోయిన అక్కా, ఇయ్యాల యాదికొచ్చింది," అంది.

చాకులు సాయంత్రానికి కూడా పొద్దున ఉన్నట్టే ఉన్నాయి.

జులై 27

మూడు రోజులకు ఒకసారి చివరి రాయితో నాలుగు లాగులు చాలు. గరుకు రాయి అక్కర్లేదు. ఇది ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను.

జులై 30. ఆదివారం

రేపు. పొద్దున పెరట్లో గుమ్మడికాయ కోసి చూసుకున్నాను. పెద్ద కత్తి ఇరవై అయిదులో ఉంది. కాయ మీది గాడిలో కొన దింపి, వేళ్ళతో కాకుండా మోచేతి బరువు వేస్తే మెల్లగా తెరుచుకుంటుంది. భీమక్కలా ఒక్క వేటు కాదు. మూడు కదలికలు.

భయంగా ఉంది.

జులై 31. సోమవారం

అంతా వరుసగా రాయాలి. వేళ్ళు ఎంత నొచ్చినా సరే.

తొమ్మిదింటికి మేడం కుర్చీ వేయించుకుంది. నాలుగు గుమ్మడికాయలు, గంపెడు టమాటాలు, ఉల్లిగడ్డలు డెస్కు పక్కన పెట్టించింది. భీమక్క అప్పటికే వచ్చి గోడ పక్కన కూర్చుని ఉంది. గూడెం నుంచి చీకట్లో బయల్దేరిందట. మోకాళ్ళ దాకా బురద. కొంగులో చిన్న మూట, బట్టలై ఉంటాయి. ఇక్కడే ఉండిపోవచ్చని వచ్చింది. అది చూశాక నాకు కాసేపు చాకు కనిపించలేదు.

"కానియ్యి సువర్ణమ్మా," అంది మేడం.

రామా అనుకుని గాడిలో కొన దింపాను. ఒకటి, రెండు, మూడు. కాయ తెరుచుకుంది. మేడం పేపరు తెచ్చుకుంది కానీ తెరవలేదు. రెండో కాయ. మూడోది. నాలుగోది. గింజలు తీశాను, చెక్కు తీశాను. చిన్న చాకు తీసుకున్నాక ఇక నేను గుమ్మడికాయను కోయలేదు, చాకును పైనుంచి కిందికి నడిపించాను, అంతే. ముక్కలన్నీ బొటనవేలి గోరంత. టమాటాలు. ఉల్లి కోస్తుంటే కన్నీళ్ళు రాలేదు, నాకే కాదు, దగ్గర కూర్చున్న మేడంకు కూడా రాలేదు. ఆమె అది గమనించి తన కళ్ళు తుడుచుకుని చూసుకుంది.

పదింపావుకు పోపు వేశాను. పన్నెండుంపావుకు కూర దగ్గరపడింది. పన్నెండు ఇరవై అయిదుకు గంట కొట్టించాను. అయిదు నిమిషాల ముందు.

మేడం లేచి డెస్కు దగ్గరకు వచ్చి చాకు పట్టుకుని చూసింది. "ఇదేం మాయ? ఇన్నొద్దుల నుంచి గిట్లనే కోస్తున్నవా?"

అవునంటే సరిపోయేది. సోమ్లి నన్నే చూస్తోంది, అవును అను అన్నట్టు.

"లేదు మేడం. ఇరవై మూడో తారీఖు దాకా సోమ్లే కోసింది. నేనే అని మీకు అబద్ధం చెప్పాను. తప్పు నాది, ఆమెది కాదు."

సోమ్లి నుదురు కొట్టుకుంది. "ఓయమ్మా! ఎవరడిగిన్రే నిన్ను!"

మేడం నవ్వింది. నేను అనుకోలేదు. "నాకు తెల్వదనుకున్నరా ఇద్దరు? సోమ్లి కోస్తే వంకాయకు నాలుగే ముక్కలు. బండలు తింటున్నమని పిల్లలు నా తలకాయ తిన్నరు. ఎన్నడు చెప్తవో అని చూస్తున్న. ఇరవై నాలుగు నుంచి చెప్పుడు బంద్ చేసిన్రు పిల్లలు. అప్పుడే అనుకున్న, ఏదో అయిందని."

ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. "ఇంకొకటి కూడా ఉంది మేడం. కూర గంజు నేను దించలేను. వాచ్‌మన్, సోమ్లి కలిసి దించుతున్నారు. అది నా వల్ల కాదు. కాబోదు కూడా." భీమక్క వైపు చూశాను. "గంజులు దించడానికి, అన్నం వార్చడానికి గట్టి మనిషి కావాలి. కూర నాకు వదిలేయండి."

మేడం గంజు వైపు, భీమక్క మూట వైపు చూసింది. "పెద్దాఫీసుకు రాస్త. వాళ్ళు ఒప్పుకునేదాక భీమక్క భోజనం, పండుకునుడు ఈడనే. కూర మాత్రం నీదే. కూర గురించి ఇగ అడగ."

కూర నాదే.

భీమక్క అప్పుడు మెల్లగా లేచి వచ్చి, "అక్కా, ఒక్కపాలి," అని చాకు తీసుకుంది. మిగిలిన గుమ్మడి చెక్క మీద తన అలవాటు కొద్దీ ఒక్క నొక్కు నొక్కింది. చెక్క ఎప్పుడో తెగిపోయి, చాకు డెస్కులోకి గోరంత దిగి నిలబడింది. ఆమె చేతులు రెండూ వెనక్కి తీసుకుంది.

"ఇది కత్తా, పామా!"

"నొక్కొద్దు చెల్లె. నీ బలం దానికి అక్కర్లేదు. ఊరికే లాగు."

లాగింది. చెక్క ఆకులా విడిపోయింది. భీమక్క ఆ ముక్కను వెలుగుకు పట్టుకుని, దానిలోంచి కిటికీని చూసింది. అంత పలచన. నోరు విప్పి నవ్వింది. బలమున్న మనిషికి ఇవాళ నేను పని నేర్పాను.

డెస్కులో దిగిన అంచు పాడైంది. రేపు మంగళవారం. ఎల్లుండి సరిచేస్తాను, గరుకు రాయి నుంచి మొదలుపెట్టాలి.

ఆగస్టు 1. మంగళవారం

పొద్దున డ్యూటీ పుస్తకంలో మేడం కొత్త నెల పేజీ తెరిచి రాసింది. వంట: సువర్ణ. కింద భీమక్క పేరు, పక్కన 'సాయం'. సోమ్లికి చదవడం రాదు కాబట్టి నేను చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకుంది.

మధ్యాహ్నం దవాఖానాకు వెళ్ళాను. సిస్టరమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటిగా వంచి చూసింది. ఏడాది పట్టొచ్చంది. కొందరికి పూర్తిగా పోదంది. నెల కిందే ఈ మాట అడగాల్సింది, అడగలేదు. ఈ డైరీలో తక్కువ తక్కువ అని రాసిన రోజులన్నీ నొప్పి ఉంది. జూన్ నుంచి ఒక్క రోజు కూడా తక్కువ కాలేదు. పొద్దున పూట మాత్రమే అని రాశాను. రోజంతా.

నా కుడి పిడికిలి మూసుకోదు. అద్దాలు పెట్టుకుని చూసి మరీ రాస్తున్నాను, మూసుకోదు. ఆ మూసుకోని చేత్తోనే నిన్న నూట అరవై మంది పిల్లలకు, మేడంకు, సోమ్లికి, భీమక్కకు కూర తరిగి వండిపెట్టాను.

అడుగున గరిటెడు కూడా మిగల్లేదు.